పూటకు 30 గ్రాములు దాటితే ప్రొటీన్ ఒంటికి పట్టదా?

రెండుపూటల_రాజు
రోజుకు 70 గ్రాముల ప్రొటీన్ కావాల్సిన మనిషి రెండే పూటలు తింటే పూటకు 35 పడుతుంది. జిమ్ముల్లోనేమో "30 దాటితే ఒంటికి పట్టదు, మిగతాది ఫ్లష్ చెయ్యడమే" అంటారు. ఇంకోచోట ఆ అంకె 20. ఈ గీత గీసింది ఎవరు? 30వ గ్రామును లోపలికి రానిచ్చి 31వ దాన్ని పేగు గుమ్మంలోనే ఆపేస్తుందా? మన పప్పన్నం, గుడ్డు లెక్కలో విడమర్చి చెప్పండి. లింకులు వద్దు, చదివి చదివి బుర్ర వేడెక్కింది.

జిమ్_గురూ
30 రూల్ కరెక్టే. అందుకే రోజుకు ఆరుసార్లు తినమనేది.

ఉలవచారు_అభిమాని
ఆరుసార్లు తింటూ కూర్చుంటే జిమ్ముకెళ్లేది ఎప్పుడు గురూ?

తూము_కాపరి
గురూ, అది పేగు పెట్టిన రూల్ కాదు. వరసగా చెప్తాను, కాస్త పొడుగే అవుతుంది.

ముద్ద కడుపులో పడగానే ఆమ్లం ఊరుతుంది. అన్నం పడ్డ కాసేపు పీహెచ్ (ఆమ్లం ఘాటు కొలిచే అంకె, ఎంత తక్కువైతే అంత ఘాటు) పైకి లేచి, ఆమ్లం ఊరేకొద్దీ మెల్లగా 2 దగ్గరికి దిగుతుంది. ఆ ఆమ్లం చేసే పనులు రెండు. ఉండచుట్టుకుని ఉన్న ప్రొటీన్ మడతలు విప్పుతుంది, పెప్సినోజెన్‌ని పెప్సిన్ అనే ప్రొటీన్ కోసే ఎంజైమ్‌గా మారుస్తుంది. పెప్సిన్ కొన్ని ముక్కలు కోస్తుంది కానీ మొత్తం పనిలో దాని వాటా 10–20 శాతమే. ఆపరేషన్‌లో కడుపు పూర్తిగా తీసేసినవాళ్లకూ ప్రొటీన్ అరుగుతుంది. వాళ్ల ఇబ్బందులు వేరే.

అసలు కోత ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో మొదలవుతుంది. క్లోమం నుంచి వచ్చే ట్రిప్సినోజెన్, కైమోట్రిప్సినోజెన్ లాంటివన్నీ ఒరలో ఉన్న కత్తులు. పేగు గోడ మీద ఎంటెరోకైనేజ్ అని ఒకటి ఉంటుంది, అది ట్రిప్సినోజెన్ ఒర తీస్తుంది. ట్రిప్సిన్ బయటపడ్డాక మిగతా వాటి ఒరలన్నీ అదే తీసేస్తుంది. ఈ కత్తులు దారి తప్పి క్లోమంలోనే బయటపడ్డాయంటే అదే పాంక్రియాటైటిస్, క్లోమం వాపు.

ఇప్పుడు మీ ప్రశ్న. కడుపు చెరువైతే దాని కింద ఒక తూము ఉంది. తిన్నదంతా అది ఒక్కసారే వదలదు, నిమిషానికి సుమారు 1 నుంచి 4 కేలరీల చొప్పున జార్చుకుంటూ పోతుంది. ప్రొటీన్, కొవ్వు కిందకి చేరగానే పేగు సీసీకే అనే హార్మోన్ వదిలి తూమును ఇంకా బిగిస్తుంది. 600 కేలరీల భోజనం దిగడానికి మూడు నాలుగు గంటలు ఎక్కడికీ పోవు. కాబట్టి 35 తిన్నా 70 తిన్నా పేగుకు గంటగంటకూ అందేది కొంచెమే. ఎక్కువ తింటే ఎక్కువసేపు అందుతుంది, అంతే. గుమ్మంలో ఆగిపోయే 31వ గ్రాము అంటూ ఏదీ లేదు.

రెండుపూటల_రాజు
తూము సంగతి అర్థమైంది. మరి 20, 30 అనే అంకెలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

ల్యాబ్‌కోటు
అవి పేగు అంకెలు కావు, కండ అంకెలు. 2009లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరుగురు కుర్రాళ్లతో కాళ్ల వ్యాయామం చేయించి 0, 5, 10, 20, 40 గ్రాముల గుడ్డు ప్రొటీన్ తాగించారు. నాలుగు గంటలపాటు కండ కట్టే వేగం కొలిస్తే 20 దాకా పెరిగింది, 40 తాగినా దాదాపు అక్కడే ఆగింది, పైదాంట్లో కొంత ఆక్సీకరణకు, అంటే ఒంట్లో ఇంధనంగా కాలడానికి పోయింది. ఇందులో "పేగు పీల్చుకోలేదు" అన్న మాటే లేదు. పీల్చుకోకపోతే ఆక్సీకరణకు పోయేదెక్కడ నుంచి? నోటినోట పడి "కండ అంతే వాడింది" కాస్తా "ఒంటికి అంతే పట్టింది" అయిపోయింది.

2023లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం 25 గ్రాముల పాల ప్రొటీన్‌ని 100 గ్రాములతో పోల్చింది. నాలుగు గంటలకు ఆపేయకుండా 12 గంటలు చూశారు. 100 తాగినవాళ్లలో కండ కట్టడం ఎక్కువగా జరిగింది, 12 గంటలు దాటినా ఆగలేదు, ఆక్సీకరణలో పోయింది స్వల్పం. ముందు అధ్యయనం తప్పని కాదు, గడియారం తొందరగా ఆపేశారంతే.

జిమ్_గురూ
అయితే పేగు గంటకు పీల్చుకునేది వే (పాల విరుగుడు తేట ప్రొటీన్) 10 గ్రా., కేసిన్ (పాలల్లో గడ్డకట్టే ప్రొటీన్) 6, గుడ్డు 3 అనే పట్టిక? అది కూడా పుకారేనా?

ల్యాబ్‌కోటు
పుకారు కాదు. కానీ ఆ అంకెలు వేర్వేరు ప్రయోగాల్లో వేర్వేరు పద్ధతుల్లో కొలిచినవి, పక్కపక్కన పెట్టి రన్నింగ్ రేసులా చూడకూడదు. 1997లో ఫ్రాన్స్‌లో వే, కేసిన్ రెండింటినీ ఒకే పద్ధతిలో పోల్చారు. వే తాగితే రక్తంలో అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ కట్టే ఇటుకలు) గంటలో ఎగిసి కొద్ది గంటల్లో దిగిపోయాయి. కేసిన్ కడుపులో గడ్డకట్టి ఏడు గంటల దాకా ఊరుతూనే ఉంది. తూము_కాపరి చెప్పిన తూము ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వేగం తేడా చాలావరకు పేగుది కాదు, కడుపు ఎంత తొందరగా వదిలిందన్నదానిది.

సందేహాల_సుబ్బు
పాలు కడుపులో విరుగుతాయా? విరిగిన పాలు తాగకూడదంటారు కదా.

తూము_కాపరి
అందరి కడుపులోనూ విరుగుతాయి సుబ్బూ, విరగాలి కూడా. ఆమ్లం, పెప్సిన్ కలిసి చేసే పనే అది. గిన్నెలో సూక్ష్మజీవులు పెరిగి విరిగిన పాల సంగతి వేరు.

పథ్యం_పట్టిక
ఒక్క విషయం ఎవరూ ముట్టుకోలేదు. పేగు లోపలికి వెళ్లేవన్నీ విడివిడి అమైనో ఆమ్లాలే అనుకుంటారు. కాదు. రెండు మూడు కలిసిన చిన్న ముక్కలను, అంటే డైపెప్టైడ్‌లు, ట్రైపెప్టైడ్‌లను, పెప్‌టీ1 అనే రవాణా ప్రొటీన్ అలాగే లోపలికి లాగేస్తుంది. విడి ఆమ్లాలకు సోడియంతో నడిచే వేరే ద్వారాలున్నాయి. ముక్కలుగా వెళ్లేవి తరచూ విడివాటికన్నా త్వరగా లోపల పడతాయి. అందుకే ఆసుపత్రుల్లో గొట్టం ద్వారా ఎక్కించే కొన్ని ద్రవాహారాల్లో చిన్న పెప్టైడ్‌లు వాడతారు.

దీనికి ప్రకృతే ఒక రుజువు ఇచ్చింది. హార్ట్‌నప్ జబ్బులో తటస్థ అమైనో ఆమ్లాల ద్వారం పుట్టుకతోనే చెడి ఉంటుంది. 1956లో లండన్‌లో ఒక కుటుంబంలో గుర్తించారు, ఆ ఇంటిపేరే జబ్బు పేరైంది. ద్వారం మూతబడ్డా వాళ్లలో చాలామందికి ప్రొటీన్ లోపం రాదు. అవే ఆమ్లాలు ముక్కల రూపంలో పెప్‌టీ1 దారిన వెళ్లిపోతాయి.

ఉలవచారు_అభిమాని
మెయిన్ రోడ్డు మూస్తే సందులోంచి దూరినట్టు. ఇక్కడ కూడా షార్ట్‌కట్టే.

జిమ్_గురూ
అయితే జిమ్ముల్లో అమ్మే బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల పొడి అంటే మెయిన్ రోడ్డు ట్రాఫిక్‌కి డబ్బు తగలేస్తున్నట్టా?

పథ్యం_పట్టిక
ట్రాఫిక్ అసలు సమస్య కాదు గురూ, ఇటుకలు. ఒళ్లు సొంతంగా చేసుకోలేని తప్పనిసరి అమైనో ఆమ్లాలు తొమ్మిది, ఆ డబ్బాలో ఉన్నవి మూడే. మిగతా ఆరు లేకుండా గోడ లేవదు. అదే డబ్బుకి గుడ్లు కొంటే తొమ్మిదీ వస్తాయి.

రెండుపూటల_రాజు
గుడ్డు మాట వచ్చింది కాబట్టి: పచ్చి గుడ్డు తాగితే బలమంటారు. అది నిజమా?

ల్యాబ్‌కోటు
1998లో బెల్జియంలోని లూవెన్‌లో కొలిచారు. ఇలియాస్టమీ అయినవాళ్లు ఐదుగురు, అంటే చిన్నపేగు చివర్లో మిగిలింది సంచిలోకి వచ్చేస్తుంది కాబట్టి పెద్దపేగు చేరకముందే ఎంత అరిగిందో తెలిసిపోతుంది. ఉడికించిన గుడ్డు ప్రొటీన్ దాదాపు 91 శాతం అరిగింది, పచ్చిది 51 శాతమే. పచ్చి తెల్లసొన ఉండ విప్పుకోదు, పైగా దానిలో ట్రిప్సిన్‌ని పట్టుకునే ఓవోమ్యూకాయిడ్, బయోటిన్ అనే విటమిన్‌ని పట్టుకునే అవిడిన్ ఉంటాయి. పొయ్యి మీద పది నిమిషాలు ఉడికిస్తే సగం గుడ్డు ఉచితంగా వచ్చినట్టే.

ఉలవచారు_అభిమాని
ఉడికించినదాన్ని రెండు సొనలుగా చూస్తారు, పచ్చిదాన్ని పహిల్వాన్‌గా చూస్తారు.

కుక్కర్_మూడోవిజిల్
గుడ్డు, వే వదిలి పప్పు దగ్గరికి రండి. మనం తినేది అదే, అసలు నష్టం జరిగేదీ అక్కడే.

పప్పుగింజ లోపల ప్రొటీన్ గోడ కట్టిన గదుల్లో ఉంటుంది. ఆ గోడ మెత్తబడకపోతే ట్రిప్సిన్ లోపలికి చేరలేదు. బాగా ఉడికిన కందిపప్పులో కూడా గదులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి తప్ప చాలావరకు పగలవు. పప్పుగుత్తితో మెదిపితే, నోట్లో నమిలితే కొన్ని పగులుతాయి. అందుకే పప్పు ఎనపడం ఒట్టి సోకు కాదు. 

ఉడకకపోవడానికి మన వంటింట్లో సాధారణంగా దొరికే నేరస్థులు ఇద్దరు. ఒకటి, కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్లు. గదుల మధ్య అతుక్కుని ఉన్న పెక్టిన్‌ని కాల్షియం ఇంకా బిగిస్తుంది. రెండు, చింతపండు. పులుసు ముందే పోస్తే పప్పు ఎంతసేపైనా పలుగురాళ్లలా ఉంటుంది. పప్పు మెత్తబడ్డాకే పులుపు. పప్పుచారులో ఈ క్రమం అందుకే.

వంటసోడా వేస్తే త్వరగా ఉడుకుతుంది నిజమే. కానీ బి1 పోతుంది, క్షారంలో వేడికి లైసిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు కొంత పాడవుతాయి. నానబెట్టడానికి టైముంటే దాని జోలికి పోకండి.

పొట్టు సంగతి ఇంకొకటి. కంది, ఉలవ పొట్టులో టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువ. అవి ప్రొటీన్‌కి, ఎంజైమ్‌లకి అతుక్కుంటాయి. 

తూము_కాపరి
మూడోవిజిల్ మాటకు అంకెలు జోడిస్తాను. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో రెండు ఐసోటోపుల పద్ధతితో (గుర్తుపట్టగల పరమాణువులతో జాడ తీసి) మన మనుషుల మీదే కొలిచారు. గుడ్డులో తప్పనిసరి ఆమ్లాలు 90 శాతం దగ్గర అరిగాయి. పొట్టుతో ఉన్న పెసలు 63 దగ్గర ఆగాయి. పొట్టు తీస్తే 71 దగ్గరికి ఎక్కాయి. అంటే పొట్టు ఒక్కటే ఎనిమిది పాయింట్లు తినేసింది.

పథ్యం_పట్టిక
పొట్టు తీసేయమని జనం పరుగెత్తకముందు: పొట్టులో పీచు ఉంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు పెసరట్టు పొట్టుతోనే మేలు. ప్రొటీన్ తక్కువ పడే పిల్లలు, ముసలివాళ్ల ప్లేటులో పొట్టు తీసిన పప్పు అయితే చాలు. అందరికీ ఒకే సలహా ఇచ్చేస్తే ఎలా?

కుక్కర్_మూడోవిజిల్
ఒప్పుకుంటా. నేను చెప్పింది లోపం ఉన్నవాళ్ల గురించి.

సందేహాల_సుబ్బు
సోయా పాలు ఇంట్లో చేసేవాళ్లు ఉన్నారు. అందులో కూడా ఇలాంటిదేమైనా ఉందా?

ల్యాబ్‌కోటు
ఉంది, పెద్దదే. పచ్చి సోయాలో ట్రిప్సిన్ నిరోధకాలు పప్పులకన్నా చాలా ఎక్కువ. పచ్చి సోయాతో ఎలుకలు సరిగా పెరగవని, ఉడికిస్తే పెరుగుతాయని ఆస్‌బర్న్, మెండెల్ 1917లోనే చూపించారు. పాలు ఒక్క పొంగు రాగానే దించేస్తే చాలదు, కనీసం 15–20 నిమిషాలు మరగాలి. మీల్‌మేకర్ ఫ్యాక్టరీలోనే వేడితో ఒత్తి తీసింది కాబట్టి ఆ బెంగ లేదు. 

రాజ్మా ఇంకో రకం. దానిలో హాని చేసేది లెక్టిన్. ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పది నిమిషాలైనా గలగలా మరగాలి. తక్కువ వేడి మీద గంటలకొద్దీ ఉంచే కుక్కర్లో ఆ లెక్టిన్ చావదు. వాంతులు, విరేచనాలు.

దమ్ము_బిర్యానీ
అయితే పచ్చి బొప్పాయి? కచ్చీ గోష్త్ బిర్యానీకి మటన్‌లో కలుపుతాం కదా, అది కూడా అరిగించే ఎంజైమే అంటారు.

తూము_కాపరి
పపైన్. పచ్చి బొప్పాయి పాలల్లో ఉంటుంది. కిలో మటన్‌కి తొక్కతో నూరిన ముద్ద రెండు పెద్ద చెంచాలు చాలు. ఎక్కువైనా, ఎక్కువసేపు వదిలేసినా కండ నారలన్నీ తెగి ముక్క పిండిలా అయిపోతుంది. పని అంతా ఫ్రిజ్‌లో జరగదు, పపైన్‌కి 60–70 డిగ్రీలు ఇష్టం కాబట్టి దమ్ము ఎక్కేటప్పుడు ఒక్కసారి విజృంభిస్తుంది. పండిన బొప్పాయిలో చాలా తక్కువ. భోజనం అయ్యాక పండు ముక్క తింటే మటన్ అరుగుతుందనేది కబుర్లే.

పశువుల_డాక్టర్
ట్రిప్సిన్ నిరోధకాలను ఊరికే తిట్టకండి, ముర్రుపాలల్లో అవి కావాలనే ఉంటాయి. దూడకు మావి ద్వారా యాంటీబాడీలు రావు, మొదటి పాలతోనే రావాలి. యాంటీబాడీ కూడా ప్రొటీనే కదా, అరిగిపోతే ఎందుకూ పనికిరాదు. అందుకే పాలల్లోనే నిరోధకం పెట్టి, దూడ పేగు మొదటి 24 గంటలు పెద్ద ప్రొటీన్‌ని ముక్క చేయకుండా అలాగే లోపలికి రానిస్తుంది. తర్వాత ఆ తలుపు మూసుకుంటుంది. పుట్టిన కొద్ది గంటల్లోనే పట్టాలి, బరువులో పదో వంతు: 25 కిలోల దూడకి రెండున్నర లీటర్లు. "మాయ పడేదాకా పట్టకూడదు" అని ఆపితే తలుపు మూసుకుపోతుంది, దూడ పారుడుతో పోతుంది.

ఉలవచారు_అభిమాని
అంటే జున్ను తిన్న మనకు దూడ యాంటీబాడీలు రావా?

పశువుల_డాక్టర్
రావు. ఉడికించగానే గడ్డకట్టేదే ఆ ప్రొటీన్, జున్ను బిగిసేది అందుకే. మీకు మామూలు ప్రొటీన్‌గా అరుగుతుంది. దూడకు చాలినన్ని పట్టాకే జున్ను.

తూము_కాపరి
అభిమాని పేరులోనే ఉలవచారు ఉంది కాబట్టి ఆయనకు ఒక చేదు వార్త. ఉలవల్లో ప్రొటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉంటుంది. నీళ్లు మనకి, ఉడికిన గింజలు ఎడ్లకి. కండలు ఎవరికి పట్టాయో చూసుకోండి.

ఉలవచారు_అభిమాని
ఈ దారం ఇక్కడితో చదవడం మానేస్తున్నా.

సందేహాల_సుబ్బు
భోజనం మధ్యలో నీళ్లు తాగితే ఆమ్లం పలచబడి అరగదంటారు?

ల్యాబ్‌కోటు
పీహెచ్ లాగరిథమ్ లెక్క. ఆమ్లాన్ని పదింతలు పలచన చేస్తే పీహెచ్ పెరిగేది ఒక్క అంకె. ఒక గ్లాసు నీళ్లతో పదింతలు కాదు, పైగా కడుపు మళ్లీ ఊరిస్తుంది. నీళ్లు నిశ్చింతగా తాగండి. 

రోజూ గ్యాస్ మాత్ర, అంటే పాంటోప్రజోల్ రకం, ఏళ్ల తరబడి వేసుకునేవాళ్ల సంగతి వేరు. పీహెచ్ 4 దాటితే పెప్సిన్ మందగిస్తుంది. అయినా ప్రొటీన్‌కి పెద్ద నష్టం లేదు, క్లోమం చూసుకుంటుంది. దెబ్బ పడేది బి12కి. ఆహారంలోని బి12ని ప్రొటీన్ నుంచి విడదీయడానికి ఆ ఆమ్లం కావాలి. మాత్ర సొంతంగా ఆపకండి, ఏడాదికోసారి బి12 చూపించుకోండి.

జిమ్_గురూ
పప్పు తిన్నా, షేక్ తాగినా గ్యాస్ వస్తోందంటే ప్రొటీన్ అరగనట్టేగా?

పథ్యం_పట్టిక
రెండూ ప్రొటీన్ నేరాలు కావు. పప్పులో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను కోసే ఎంజైమ్ మనకు లేదు, పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెడతాయి. నానబెట్టిన నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. షేక్‌లో అయితే లాక్టోజ్. వే కాన్‌సన్‌ట్రేట్‌లో అది ఉంటుంది, ఐసొలేట్‌లో చాలా తక్కువ. డబ్బా మార్చి చూడండి. ప్రొటీన్ అరగక పెద్దపేగు చేరితే కుళ్లుగుడ్డు వాసన, అమ్మోనియా. 

దానికన్నా పట్టించుకోవాల్సింది ఇది: మలం జిడ్డుగా, నీళ్లపై తేలుతూ, ఫ్లష్ చేసినా పోకుండా, బరువు తగ్గుతూ ఉంటే క్లోమం అనుమానం. మలంలో ఎలాస్టేజ్ (క్లోమం వదిలే ఎంజైమ్) కొలిచే పరీక్ష ఉంది, గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపం ఉన్నట్టు, 100 లోపు అయితే గట్టి లోపం. అప్పుడిచ్చే ఎంజైమ్ క్యాప్సూల్స్ మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి మింగాలి, భోజనమయ్యాక కాదు. నమలకూడదు, లోపలి గుళికలకు ఆమ్లానికి కరగని పూత ఉంటుంది.

రెండుపూటల_రాజు
ఇంకొకటి. తిన్నదంతా పేగు దాటితే నేరుగా కండలోకేనా?

తూము_కాపరి
దారిలో ముందు పేగే తన వాటా తీసుకుంటుంది. దాని ఇష్టమైన ఇంధనం గ్లూటమిన్, గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లాలు. తర్వాత పోర్టల్ సిర గుండా కాలేయం. మాస్ట్రిక్ట్ వాళ్లే 2015లో చూపించారు: 20 గ్రాముల కేసిన్ తాగిన ఐదు గంటల్లో 55 శాతం దాకా రక్తంలోకి వచ్చింది, కండలోకి చేరింది 11 శాతం, అంటే 2.2 గ్రాములు. 

మిగిలింది వృథా అనుకోకండి. పేగు లోపలి పొర, ఎంజైమ్‌లు, రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ అన్నీ దాంతోనే. రోజూ జీర్ణరసాలు, రాలే పేగు కణాల రూపంలో పేగులోకి చేరే సొంత ప్రొటీన్ కూడా తక్కువేం కాదు, దాన్ని కూడా మళ్లీ అరిగించి లోపలికి తీసుకుంటుంది. మలంలో పోయేది సుమారు 10 గ్రాములు.

సందేహాల_సుబ్బు
మూత్రంలో నురగ వస్తే ప్రొటీన్ పోతున్నట్టా?

ల్యాబ్‌కోటు
ఎక్కువ తిన్నది మూత్రంలో ప్రొటీన్‌గా పోదు. నత్రజని విడదీసి కాలేయం యూరియాగా మారుస్తుంది, కిడ్నీ దాన్ని పంపేస్తుంది. ఆల్బుమిన్ పోవడం కిడ్నీ జల్లెడ చిల్లులది. రోజూ నురగ ఉంటే మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోవాలి, షేక్ ఆపడం వైద్యం కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ దారంలోని గ్రాములేవీ పట్టించుకోకండి, లెక్క మీ డాక్టరు చెప్పాలి.

పథ్యం_పట్టిక
రాజు గారి 70 లెక్క వేసి చూపిస్తాను. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2020 అంకెల ప్రకారం మంచి నాణ్యత ప్రొటీన్ కిలోకి 0.83 గ్రాములు, 65 కిలోల మగవాడికి 54. ధాన్యం మీద ఆధారపడే తిండికి కిలోకి 1 దాకా వేసుకోవాలి, అరుగుదల తక్కువ కాబట్టి.

మధ్యాహ్నం: పచ్చి కందిపప్పు 40 గ్రాములు (9), బియ్యం 100 (8), రెండు గుడ్లు (12), పెరుగు 200 (6). మొత్తం 35. రాత్రి: పొడి మీల్‌మేకర్ 30 (15), గోధుమపిండి 60 (7), పాలు పావు లీటరు (8), వేరుశనగ 20 (5). అదీ 35. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఒకే ముద్దలో కలవాల్సిన పని లేదు, ఒకే రోజు కలిస్తే చాలు. 60 ఏళ్లు దాటినవాళ్లకు కండ మొండికేస్తుంది, పూటకు కిలో బరువుకి 0.4 గ్రాముల దగ్గర ఉంటే మేలు. వాళ్లకు రెండు పెద్ద పూటలు నిజానికి అనుకూలమే.

జిమ్_గురూ
మరి ఆరు డబ్బాలు ఎందుకు మోస్తున్నట్టు?

దమ్ము_బిర్యానీ
ఐదింట్లో బిర్యానీ పెట్టు గురూ.

కుక్కర్_మూడోవిజిల్
రాజు గారూ, ఆ 40 గ్రాముల కందిపప్పు బోరు నీళ్లలో కాకుండా మంచినీళ్లలో నానబెట్టి ఉడికించండి. పులుపు ఆఖర్న.